యంత్రమునకు స్వస్థవృత్తము



నేడు నేను చెప్పదలచిన విషయము వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. ముప్పది మూడేండ్లు బడిలో పిల్లలకు సంధులు, సమాసములు చెప్పిన పంతులు, లక్షకు మించి మైళ్లు తిరిగిన స్పోర్ట్సు కారు ఇంజనును చెడకుండ కాపాడుకొను విధమును గూర్చి ప్రసంగించుటయా అని మీ రనుకొందురు. ఆ సందేహము న్యాయమైనదే. నేను యంత్రశిల్పిని కాను. అయినను ఒక యంత్రమును నా అజాగ్రత్తచేత చంపినవాడను. మఱియొక యంత్రమును ఒక జాగ్రత్తపరుడు కాపాడుట కన్నులార చూచినవాడను. ఆ రెంటి వలన నేర్చుకొన్నదే నేటి ప్రసంగము. మీ యిండ్లలో స్పోర్ట్సు కారు లేకపోవచ్చును. కాని చేలో ఇంజనో, పాకలో ట్రాక్టరో, వాకిట మనుమని మోటారు సైకిలో లేని యిల్లు నేడు అరుదు. ధర్మము అన్నిటికి నొక్కటియే.

మన వైద్యశాస్త్రమునకు ప్రయోజనములు రెండు. ఆరోగ్యవంతుని ఆరోగ్యమును నిలుపుట మొదటిది. రోగి రోగమును పోగొట్టుట రెండవది. మొదటిదానికి స్వస్థవృత్తమని పేరు. పూర్వులు దానినే ముందు చెప్పిరి. మనము మాత్రము రెండవది వచ్చువఱకు వైద్యుని గడప త్రొక్కము. యంత్రముల విషయమునను అంతే.

మొదట నా తప్పు చెప్పుకొందును. 1986వ సంవత్సరము. మా తండ్రిగారు కాలము చేసిన పిమ్మట రెండెకరముల చెఱకు తోట, దాని బావి, బావి మీది అయిదు గుఱ్ఱముల బలముగల డీసెలు ఇంజను నా చేతికి వచ్చినవి. చమురు మార్చవలసిన గడువు దాటినది. కొలత కడ్డీ తీసి చూచితిని. చమురు కాటుక వలె నల్లగా నున్నది. వ్రేళ్ల నడుమ రాచిన గరగరమనినది. అవి పరీక్షల దినములు. వచ్చు ఆదివారము చూతమనుకొంటిని. అట్టి ఆదివారములు నాలుగు గడచినవి. అయిదవ వారమున, నడి వైశాఖపు టెండలో, ఇంజను పెద్దగా అఱచి నిలిచిపోయినది. మా యూరి మేస్త్రి వచ్చి విప్పి చూచి, "పంతులుగారూ, డబ్బాడు నూనె మిగిలింది, ఇంజను పోయింది" అన్నాడు. బాగు చేయించుటకు ఇరువది రెండు దినములు పట్టినది. ఆ దినములలో చెఱకు ఎండినది. ఆ యేడు మా అమ్మగారి కాసుల పేరు తాకట్టునకు వెళ్లినది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనియున్న బాగుండెడిది.

ఇక రెండవ కథ. 2023 వేసవిలో నేను ఇంగ్లండు దేశమున కవెంట్రీ నగరములో మా మేనల్లుని యింట మూడు నెలలుంటిని. ఆ నగరము మోటారు బండ్లకు పుట్టినిల్లు వంటిది. జాగ్వారు కార్లు చిరకాలము ఆ నగరములోని బ్రౌన్స్ లేన్ అను కార్ఖానాలో కూర్పబడెడివి. 2005లో అచ్చట కార్ల కూర్పు ఆగిపోయినది. మా మేనల్లుడు అచ్చట పుట్టిన జాగ్వారు ఎక్స్‌కేఆర్ అను కారు నొకదానిని, 2001 నాటిదానిని, పాతదిగా కొన్నాడు. అప్పటికది 1,20,000 మైళ్లు, అనగా సుమారు 1,93,000 కిలోమీటర్లు తిరిగియున్నది. ఇంజను చక్కగా నడచుచున్నది. పొగ లేదు, వింత చప్పుడు లేదు. ప్రక్క వీధిలో, ఆ కార్ఖానాలోనే చిరకాలము పని చేసి విరమించిన వృద్ధ శిల్పి యొకడు కలడు. ఆయన కారును చుట్టి చూచి, ఇంజను పై మూతలు విప్పి లోపల చూడవలెనన్నాడు. మా వానికి మనసొప్పలేదు. "మామయ్యా, బాగున్నదానిని విప్పుట దేనికి? డబ్బు దండుగ కాదా?" అని నన్నడిగినాడు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఇప్పుడు ఆ యింజను స్వభావమును కొంత వివరింపవలసియున్నది.

ఇంజనునకు ఆహారము రెండు: పెట్రోలు, గాలి. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు తూకమున ఇంచుమించు పదునైదు పాళ్ల గాలి కావలెను. అందుచేత ఇంజను బలము అది పీల్చుకొనగల గాలిని బట్టి యుండును. కమ్మరి కొలిమి మీకు తెలిసినదే. బొగ్గు అంతే యున్నను, తిత్తి గట్టిగా ఊదిన కొలది మంట తెల్లనగును. ఇంజనునకు అట్టి తిత్తి తగిలించినచో అదే సూపర్‌చార్జరు. ఈ పోలిక నేను కల్పించినది కాదు. 1860లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున కానర్స్‌విల్ అను ఊర రూట్స్ అను సోదరు లిరువురు ఇట్టి గాలి యంత్రమునకు పేటెంటు పొందిరి. అది ఇనుము కరగించు కొలుములకు గాలి ఊదుటకే మొదట ప్రసిద్ధికెక్కినది. అటుపిమ్మట ఆ పద్ధతియే మోటారు ఇంజనులకు వచ్చినది. 1921లో బెర్లినులో జరిగిన మోటారు ప్రదర్శనలో మెర్సిడిస్ కంపెనీవారు సూపర్‌చార్జరు గల కార్లను అమ్మకమునకు చూపిరి.

మా వాని కారులోని సూపర్‌చార్జరు ఆ రూట్స్ జాతిదే. ఒక అల్యూమినియపు పెట్టెలో మెలి తిరిగిన రెండు కడ్డీలు, ఒక్కొక్కదానికి మూడు రెక్కలతో, ఒకదాని నొకటి తాకకుండ తిరుగును. ఇంజనే బెల్టు ద్వారా వానిని త్రిప్పును. ఒక్క చుట్టునకు ఇంచుమించు 1.8 లీటర్ల గాలిని అవతలికి నెట్టును. ఈ కారునకు తోబుట్టువైన ఎక్స్‌కే 8 అను కారునకు సూపర్‌చార్జరు లేదు. రెంటి ఇంజను పరిమాణము నాలుగు లీటర్లే, రెంటికి సిలిండర్లు ఎనిమిదే. అయినను తిత్తి లేనిదాని బలము 290 గుఱ్ఱములు, తిత్తి గలదాని బలము 370 గుఱ్ఱములు.

ఈ యెనుబది గుఱ్ఱములు ఊరక రాలేదు. సైకిలునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగున చేయి పెట్టి చూడుడు, కాలును. గాలిని నొక్కిన వేడెక్కుట దాని స్వభావము. మిక్కిలి వేడెక్కిన గాలి సిలిండరులో చేరినచో పెట్రోలు క్రమము తప్పి అంటుకొని పిస్టనును సుత్తితో మోదినట్లు మోదును. అందుచేత ఈ గాలిని నీటితో చల్లార్చి లోనికి పంపుదురు. ఎంత చల్లార్చినను సామాన్యపు ఇంజనుకన్న దీనిలో ఒత్తిడి యెక్కువ, వేడి యెక్కువ. బలము పెరిగిన చోట కనిపెట్టుట కూడ పెరుగవలెను.

1930లో ఫ్రాన్సు దేశమున ల మాన్ అనుచోట జరిగిన ఇరువది నాలుగు గంటల పందెములో ఇది ప్రత్యక్షముగా కనబడినది. ఆ యేడు సూపర్‌చార్జరు గల బెంట్లీ కార్లును, అది లేని బెంట్లీ కార్లును దిగినవి. మొదటి జాతివి మహావేగముతో పరుగెత్తి పందెము ముగియక మునుపే విరమించినవి. తిత్తి లేని స్పీడ్ సిక్స్ కార్లు మొదటి, రెండవ స్థానములను పొందినవి. ఆ కార్లను నిర్మించిన డబ్ల్యూ. ఓ. బెంట్లీగారు మొదటినుండి తన ఇంజనునకు సూపర్‌చార్జరు తగిలించుట కిష్టపడినవారు కారు. నేటి సూపర్‌చార్జర్లు ఆనాటివానికన్న ఎంతో మేలైనవి. అయినను ఆ ధర్మము పోలేదు.

మఱి 1,20,000 మైళ్లనగా ఇంజనునకు ఎంత శ్రమ? పిల్లల లెక్క వలె వేసి చూతము. కారు గంటకు అరువది మైళ్లు పోవునప్పుడు, అనగా నిమిషమునకు ఒక మైలు పోవునప్పుడు, ఇంజను నిమిషమునకు రెండు వేల చుట్లు తిరిగిన దనుకొందము. మైలునకు రెండు వేల చుట్లు. 1,20,000 మైళ్లకు ఇరువది నాలుగు కోట్ల చుట్లు! ఇన్ని చుట్లు తిరిగియు లోహము లోహమును తినివేయకుండుటకు కారణ మొక్కటే. వాని నడుమ వెండ్రుకకన్న పలుచనైన చమురు పొర కలదు. సంస్కృతమున చమురునకు స్నేహమని పేరు. మైత్రికి నదే పేరు. ఇద్దరి నడుమ స్నేహ మెండిపోయిన తరువాత జరుగునది మీకు నేను చెప్పనక్కఱలేదు.

దేహమునకు వాత పిత్త కఫములు మూడు చెప్పినట్లు, ఇంజనునకు గాలి, వేడిమి, స్నేహము అని మూడు చెప్పుకొనవచ్చును. ఈ మూడు తమ తమ హద్దులలో నున్నంతవఱకు ఇంజనునకు రోగము లేదు.

స్నేహముతో మొదలు పెట్టుదము. చమురు చేయు పనులు నాలుగు: రాపిడిని ఆపుట, వేడిని మోసికొనిపోవుట, మసిని కడుగుట, త్రుప్పు రాకుండ కాచుట. ఈ పనులు చేయుచు అదియే చెడిపోవును. వేడికి చిక్కబడును. మండిన పెట్రోలు ఆవిరులు పిస్టను ప్రక్కనుండి జారి దానిలో కలసి ఆమ్లమును పుట్టించును. ఒత్తిడి యెక్కువగల సూపర్‌చార్జరు ఇంజనులో ఈ చొరబాటు మఱింత యెక్కువ. అందుచేత ఆ వృద్ధ శిల్పి, నిర్మాతలు గ్రంథములో వ్రాసిన దూరములో సగము నడువగానే చమురును, దాని ఫిల్టరును మార్చవలెనని చెప్పినాడు. కారు తిరుగకపోయినను ఏడాది కొకమారు మార్చవలెను. దించిన చమురును చిన్న సీసాలో పోసి పరీక్షాశాలకు పంపు ఆచారమును అచ్చట చూచితిని. నాడి చూచినట్లే! ఇనుము పాలు పెరిగినచో సిలిండర్ల వంటివి అఱుగుచున్నవి. సీసము, రాగి పెరిగినచో బేరింగులు అఱుగుచున్నవి. సిలికను కనబడినచో గాలి ఫిల్టరు దాటి ధూళి లోన పడుచున్నది. సోడియము, పొటాషియము కనబడినచో చల్లార్చు నీరు చమురులోనికి దారి చేసికొన్నది. ఒక్క పరీక్షతో నిర్ణయము చేయరాదు. రెండు మూడు మార్లు పంపి, అంకెలు పెరుగుచున్నవా, నిలకడగా నున్నవా అని చూడవలెను.

ఇచ్చట మన ఆముదమును తలచుకొనక తప్పదు. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలలో పండు ఆముదము మన బండ్ల ఇరుసులకు కందెనగా మాత్రమే ఉపయోగపడినదని తలపకుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అనేక విమానముల ఇంజన్లు ఆముదముతోనే తిరిగినవి. 1909లో పుట్టిన కాస్ట్రాల్ అను చమురునకు ఆ పేరు ఆముదపు ఇంగ్లీషు పేరునుండియే వచ్చినది. ఎంత వేడిలోనైనను ఆముదము జారిపోక లోహమును పట్టుకొని యుండును. కాని కొంత కాలమునకు జిగురు కట్టును. ఇంజనును తఱచు విప్పి శుభ్రము చేయవలసి వచ్చెడిది. నేటి చమురులు ఆ దోషమును పోగొట్టుకొన్నవి గాని, మార్పు లేకుండ మన్నెడి చమురు నేటికిని లేదు.

సూపర్‌చార్జరు మూతిలోని పండ్ల చక్రములకు వేఱుగా చమురు కలదు. అది పావు లీటరునకు లోపు. ఇంజను చమురుతో దానికి పొత్తు లేదు. యంత్ర జీవితకాలమునకు చాలునని దానిని నింపి మూసి పంపుదురు. ఎవరి జీవితకాలమునకో చెప్పరు. ఇరువది రెండేండ్ల తరువాత బయటికి తీసిన ఆ చమురు నల్లబడి, గదిలో నిలువరాని దుర్గంధము కొట్టినది. క్రొత్తది పోయుటకు ఒక పూట చాలును. పోయకున్నచో బేరింగులు పోవును; మొదట గలగలమను చప్పుడు, అటుపిమ్మట సూపర్‌చార్జరు ఖర్చు.

ఇక వేడిమి. ఇంజనును చల్లార్చు నీరు వట్టి నీరు కాదు. గ్లైకాలు అను ద్రవమును, ఖనిజములు లేని శుద్ధజలమును సమపాళ్లలో కలిపి, త్రుప్పును ఆపు మందులు చేర్చి పోయుదురు. శీతదేశములలో అది గడ్డకట్టకుండుటకని మన వారనుకొందురు. మన యెండలలో గడ్డకట్టు భయము లేదుగదా అని రేడియేటరులో బావి నీరు పోయువారిని నే నెఱుగుదును. వారు రెండు విషయములు మఱచుచున్నారు. ఆ ద్రవము నీరు మఱగు మట్టమును కూడ పెంచును. లోహము తినబడకుండ కాపాడును. బావి నీటిలోని సున్నము సన్నని గొట్టములలో పక్కు కట్టి దారి మూయును. మందుల బలము కొన్ని యేండ్లకు తగ్గును గనుక ద్రవమును గడువు చొప్పున మార్చవలెను. ఇంజను వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూత ఎన్నడును తీయరాదు. లోన ఒత్తిడి మీద నున్న నీరు ఒక్కసారి పైకెగసి ముఖము కాల్చును. నొక్కిన గాలిని చల్లార్చు నీటికి ఈ కారులో ప్రత్యేకముగా ఒక చిన్న విద్యుత్ పంపు కలదు. అది నిలిచిన కారు నిలువదు. బలము మాత్రము తగ్గును. కారు ముసలిదైన దనుకొని యజమాని ఊరకుండును. అందుచేత దానిని వెదకి చూడవలెను.

గాలి సంగతి చిన్నది. ఫిల్టరు శుభ్రముగా నుండవలెను. కల్లములో నూర్పిడి దగ్గఱ ఇంజను నడపువారికి ధూళి యేమి చేయునో తెలియును. ప్లగ్గు తీసి దాని రంగు చూచుట నాలుక చూచుట వంటిది. లేత గోధుమ రంగు ఆరోగ్యము. మసి పట్టిన పెట్రోలు ఎక్కువ. సున్నము వలె తెల్లబడిన వేడి యెక్కువ. సూపర్‌చార్జరును త్రిప్పు బెల్టు మీద పగుళ్లున్నవా, దానిని బిగించు కప్పీలు చేతితో త్రిప్పిన గరగరలాడుచున్నవా అని చూడవలెను. ఆ శిల్పి పొడవైన కడ్డీ నొకదానిని బేరింగు మీద నానించి, రెండవ కొన చెవికి పెట్టుకొని వినుచుండెడివాడు.

ఇప్పుడు మా మేనల్లుని ప్రశ్నకు వత్తము. బాగున్నదానిని విప్పుట దేనికి?

మనిషికి జాతకమున్నట్లే యంత్రమునకును కలదు. అది యే సంవత్సరమున పుట్టినదో తెలిసిన, ఏ భాగము ఏ వయస్సున బలహీనమగునో పెద్దలు అనుభవము మీద చెప్పగలరు. ఈ జాతి ఇంజన్లు 1996 నుండి వెలువడినవి. మొదటి కొన్నియేండ్లవానిలో సిలిండరు గోడలకు నికెలు కలిసిన ఒక పూత పూయుచుండిరి. గంధకము ఎక్కువగల పెట్రోలు తగిలిన ఆ పూత చెడునని అనుభవము మీద తేలగా, 2000లో లోహపు తొడుగులు పెట్టిరి. మా వానిది 2001 నాటిది గనుక ఆ భయము లేదు. రెండవది చెయిన్ల సంగతి. గాలి లోనికి వచ్చు తలుపులను, పొగ వెళ్లు తలుపులను తెఱచి మూయు ఇరుసులను చెయిన్లు త్రిప్పును. ఆ చెయిన్లు వదులు కాకుండ నొక్కి పట్టుటకు బిగింపులు కలవు. మొదట వాని యొడలు ప్లాస్టికుతో చేయబడెడిది. వేడికి, వయస్సునకు అది పగులుట కలదని తెలిసిన పిమ్మట, 2001 ప్రాంతమున నిర్మాతలే వానిని లోహముతో చేయసాగిరి. బిగింపు విఱిగి చెయిను ఒక పన్ను జాఱెనా, తెఱచియున్న తలుపును పైకి వచ్చు పిస్టను ఢీకొనును. ఆ క్షణమున ఇంజను ముగిసినట్లే. దీనికి ముందు చెప్పు గుర్తు కొన్ని సమయములలో ప్రొద్దుటి గలగల. కొన్ని సమయములలో ఏ గుర్తును లేదు. నిన్న నడచినది గనుక నేడును నడచునను న్యాయము ఇచ్చట చెల్లదు.

నేను మా వానికి నా చెఱకు తోట సంగతి చెప్పితిని. వాని కది క్రొత్త. మా అమ్మగారి కాసుల పేరు సంగతి చెప్పినప్పుడు వాడు తల వంచుకొని, "అమ్మమ్మ మాకెన్నడును చెప్పలేదే" అన్నాడు. మఱునాడే విప్పించుట కొప్పుకొన్నాడు.

మూతలు తీసిరి. ఆశ్చర్యమేమనగా, బిగింపులు రెండును లోహపువే. పూర్వపు యజమాని యెవడో పుణ్యాత్ముడు ముందే మార్పించియున్నాడు. కాని ఎక్కడను వ్రాసి పెట్టలేదు. ఆ కాగితము ముక్క యొక్కటి యున్నచో ఈ కూలి మిగిలెడిది. మా వాని ముఖము చిన్నబోయినది. ఆ వృద్ధుడు మాత్రము తొందరపడక, సూపర్‌చార్జరు అడుగున నీటి గొట్ట మొకటి యున్నది, దాని వయసెంత అని అడిగినాడు. కారు వయస్సే దాని వయస్సు. అది కంటికి కనబడు చోట లేదు. సూపర్‌చార్జరును దించిన గాని చేయి పోదు. ఎట్లును లోని చమురు మార్పవలసియున్నది గనుక దానిని దించిరి.

ఆ గొట్టము ఉబ్బి, మెత్తబడి యున్నది. బొటనవ్రేలితో నొక్కగా పగుళ్లు నోరు తెఱచినవి. ఇది చేసినవారి తప్పు కాదు. ఇరువది రెండేండ్లు ఉడుకు నీటిలో నున్న రబ్బరు అంతకన్న ఏమి మన్నగలదు? అది త్రోవలో తెగియుండినచో నీరంతయు నిమిషములలో పోయెడిది. ఆ యింజను నిలువెల్ల అల్యూమినియము. నీరు లేక పది నిమిషములు నడచిన దాని తలభాగములు వంకర పోవును. గొట్టము వెల ఒక పూట భోజనపు ఖర్చుకన్న పెద్దగా ఎక్కువ కాదు. గోటితో పోవు పని గొడ్డలిదాక రాకుండ ఆగినది. మేము వెదకిన దోషము లేదు. వెదకని దోషము దొరకినది. గడువు చొప్పున చూచుటలోని ప్రయోజన మదియే. మన భయముల ననుసరించి యంత్రము చెడదు గదా!

ఇట్లన్నానని ప్రతి దినము ఇంజను విప్పుడని నా తాత్పర్యము కాదు. అతివైద్యమును దోషమే. ఆ శిల్పి యంత్రభాగములను మూడు తరగతులుగా చెప్పినాడు. మొదటి తరగతి, బాగున్నట్లు కనబడినను గడువు రాగానే మార్చవలసినవి: చమురు, ఫిల్టర్లు, చల్లార్చు నీరు, బెల్టు, రబ్బరు గొట్టములు. రెండవది, గడువు చొప్పున చూచి, గుర్తు కనబడిన మార్చవలసినవి: ప్లగ్గులు, కప్పీల బేరింగులు, నీటి పంపు, చెయిన్ల బిగింపులు. మూడవది, గుర్తు లేనిది ముట్టరానివి: పిస్టన్లు, క్రాంకు, సూపర్‌చార్జరు లోని రెక్కలు. మొదటి తరగతికి ఖర్చు చేయనివాడు మూడవ తరగతికి ఖర్చు చేయును.

నడపువాని దినచర్య కూడ చికిత్సలో భాగమే. ప్రొద్దున చల్లని ఇంజనును వెంటనే తరుమరాదు. నీరు వేడెక్కినట్లు ముల్లు చూపినను చమురు ఇంకను చల్లగానే యుండును. కొన్ని మైళ్లు మెల్లగా పోవలెను. అంగడికి, గుడికి పోయి వచ్చు చిన్న ప్రయాణములు మాత్రమే చేసిన, చమురులో చేరిన తేమ ఆవిరి కాదు. అప్పుడప్పుడు దూరము నడపవలెను. వారమున కొకమారు చమురు మట్టము, నీటి మట్టము చల్లని ఇంజనులో చూడవలెను. బండి నిలిపిన చోట నేల మీద మరక యున్నదా అని వంగి చూచుటకు వెల లేదు.

అన్నిటికన్న ముఖ్యము దస్తరము. మా వానిచేత నేను ఒక పుస్తకము కుట్టించితిని. తేదీ, తిరిగిన దూరము, చేసిన పని, చేసినవాడు, మరల చేయవలసిన గడువు అని అయిదు గళ్లు గీసి ఇచ్చితిని. మొదటి పుటలో బిగింపులు లోహపువని, ఎవరు మార్చిరో తెలియదని, ఈ తేదీన కన్నులార చూచితిమని వ్రాయించితిని. రేపు ఆ కారు మఱియొకని చేతికి పోయినను, అతడు మా వలె కూలి పోసి ఆ సంగతి తెలిసికొననక్కఱలేదు. మన పూర్వులు బావి త్రవ్విన నాడు గట్టు మీద రాయి పాతి వ్రాయించిరి. అది గొప్ప కొఱకు మాత్రమే కాదు. తరువాతివానికి లోతు తెలియుట కొఱకు.

మొన్నటి సంక్రాంతికి మా మేనల్లుడు ఫోనులో మాటాడినాడు. పుస్తకములో ఆఱు పుటలు నిండినవట. కారు నడచుచునే యున్నదట.

పెద్దలారా, మీ యింటనున్న ఇంజను ఏదైనను కానిండు. రేపు ప్రొద్దున దాని కొలత కడ్డీ తీసి చమురును వ్రేళ్ల నడుమ రాచి చూడుడు. నల్లగా, గరగరలాడుచు నున్నచో ఆదివారము వఱకు ఆగకుడు. మీ మనుమని చేత ఒక పుస్తకము తెప్పించి అయిదు గళ్లు గీయింపుడు. ఇరువది రెండు దినముల ఎండకు నేను చెల్లించిన వెల మీరు చెల్లింపనక్కఱలేదు.

సెలవు.